మాడు మీద నూనె

మంగళవారం పొద్దున దీపం పెట్టి లేస్తుండగా ఫోన్ వచ్చింది. పిన్నిగారు నిద్రలోనే పోయారట. మాకు రక్తసంబంధం లేదు. అమెరికా వచ్చిన కొత్తలో, పిస్కాటవేలో మేము మొదట ఉన్న అపార్ట్‌మెంట్‌లో మా పై ఇంటావిడ. అక్కడ పుట్టిన తెలుగు పిల్లలందరికీ నీళ్లు పోసింది ఆవిడే.

నా కాన్పుకి అమ్మకు వీసా రాలేదు. పిన్నిగారే వచ్చారు. ఖాళీ బాత్‌టబ్‌లో కాళ్లు చాపుకుని కూర్చుని, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకునేవారు. నీళ్ల వేడి మోచేత్తో చూసేవారు. మాడు మీద నూనె పెట్టేటప్పుడు మాత్రం మాట్లాడేవారు కాదు.

పాప తల కాస్త కోలగా ఉండేది. "రోజూ ఒత్తితే గుండ్రంగా వస్తుంది కదండీ, ఒత్తండి" అన్నాను. మనందరి తలలూ అలా ఒత్తినవేనని నా నమ్మకం. ఆవిడ నడినెత్తి తడిమి చేయి తీసేశారు.

"నేను ఒత్తను."

"అదేమిటండీ?"

"మాడు వెనక గట్టు కట్టింది. ఇది ఒత్తితే పోయే వంకర కాదు. డాక్టరుకి చూపించు."

"ఎముక గట్టిగా ఉంటే మంచిదేగా?"

"అప్పుడే గట్టిపడితే మెదడు ఎక్కడికి పెరుగుతుందే, పిచ్చిదానా!"

"మీరేం డాక్టరు కాదు కదండీ" అన్నాను. మెల్లగానే అన్నాను. మెల్లగా అన్నా మాట మాటే.

మర్నాడు ఆవిడ నూనెగిన్నె లేకుండా, కోటు వేసుకుని వచ్చారు. "స్నానం తర్వాత. ముందు పద."

పసిపిల్లల పుర్రె ఒకే ఎముక కాదనీ, పలకలుగా ఉంటుందనీ, వాటి మధ్య అతుకుల దగ్గర కొత్త ఎముక పుడుతూ మెదడుకు చోటిస్తుందనీ ఆ రోజు డాక్టరు చెబితేనే నాకు తెలిసింది. మా పాపకు నడినెత్తి అతుకు పుట్టకముందే మూసుకుపోయింది. ఆపరేషన్ జరిగినంతసేపూ నేను గోవిందనామాలు చదువుకున్నాను. ఆవిడ నా చేయి వదల్లేదు.

గాయం మానాక మళ్లీ బాత్‌టబ్‌లో కాళ్లు చాపుకున్నారు. "ఎముకకు తొందర పనికిరాదమ్మా. దేవుడు సందులు ఉంచింది ఎందుకు?" అనేవారు. ఏ ఇంట్లో పిల్లలకు పళ్లు ఆలస్యమైనా, నడక ఆలస్యమైనా అదే మాట.

"అమ్మమ్మా, నా తల రౌండ్‌గా ఉందా?" అని హైస్కూల్లో ఉన్నప్పుడు నా కూతురు అడిగేది.

"గుండ్రంగానే ఉంది. లోపల ఏముందో మీ టీచర్‌ని అడగాలి."

ఆ రోజన్న మాటకు క్షమించమని ఎన్నిసార్లు నోరు తెరిచానో. "టీ పెట్టు" అనేవారు.

నిన్న ఫ్యునరల్ హోమ్‌లో ఆఖరి స్నానానికి ముందు ఆడవాళ్లం తలో చుక్కా నూనె పెడుతున్నాం. నా వంతు వచ్చేసరికి గిన్నె పట్టుకుని ఆవిడ మీదికి వంగాను. "క్షమించండి పిన్నిగారూ" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

నా కూతురు గిన్నె అందుకుంది. "అమ్మా, ఎంత ప్రెస్ చేయాలి?"

"ఒత్తకూడదమ్మా. ఊరికే పెట్టు."

అది వంగి, తెల్లని ఆ జుట్టు మధ్య, మాడు మీద అరచేయి ఆనించింది. దాని పాపిట్లో పాత కుట్ల గీత సన్నగా మెరిసింది.