ఆశ లేనివాడికి ఒక పంక్తి

మా తాతయ్య లాటిన్ నిఘంటువు తయారుచేసే ఆఫీసులో పనిచేసేవాడు. గడ్డం గీసుకుంటూ కూడా మాటలు వల్లించేవాడు కాబట్టి చుబుకం మీద ఎప్పుడూ గాట్లే. ఆయనకు ముద్దొచ్చిన మాట ‘ఎక్స్‌పేస్’. ఆశ లేని అని అర్థమట. చాలా అరుదైన విశేషణం, కర్తకే, అదీ ఏకవచనంలోనే కనిపిస్తుందట. “పాపం, ఒంటరిది” అనేవాడు, పెళ్లికాని చెల్లెలి గురించి చెప్పినట్టు. “నన్నెప్పుడైనా అంత జాలిగా తలుచుకున్నారా?” అని మూతి తిప్పేది అమ్మమ్మ. ఆయన రాసిన భాగం అచ్చుకు వెళ్లే రోజు చివరి పేజీలో ఒక పంక్తి ఎక్కువైంది. “మాస్టారూ, ఆ ఆశలేనిదాన్ని లేపేద్దాం. ఎవడు వాడతాడండీ?” అన్నాడు సంపాదకుడు. తాతయ్య చెవి వెనకనుంచి ఎర్ర పెన్సిల్ తీసి, భాగం చివర ఉన్న తన పేరు కొట్టేశాడు. “సరిపోయిందిగా” అని, రాజ్యం గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

పుస్తకం వచ్చాక కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికాడు. పేరు లేదు, అది తెలిసిందే. మాట కూడా లేదు. సంపాదకుడు రెండూ తీసేసి, మిగిలిన చోట పూలతీగ బొమ్మ వేయించాడు. తాతయ్య పెన్సిల్ చెక్కుకుని, పేజీ అంచున ఆ మాటనూ అర్థాన్నీ చీమల్లాంటి అక్షరాలతో రాశాడు.

“పక్కనే మీ పేరూ రాసుకోండి, బోలెడు చోటుంది” అంది అమ్మమ్మ.

“చోటు లేదే” అని పుస్తకం మూసేశాడు.