ఒక పాఠకురాలి లైను

అక్కకు కవలలు పుట్టినప్పుడు, రెండు నెలలు సాయంగా ఉండి రమ్మని పదో తరగతి మధ్యలో ఆమెను పంపారు. ఆ రెండు నెలలకు పన్నెండేళ్లు నిండాయి. కవలలు సైకిళ్లెక్కి బడికి పోతున్నారు. ఆమె మాత్రం ఇంకా మెట్ల కింద గదిలోనే పడుకుంటోంది. పగలంతా ఇంటి ముందుభాగంలో ఉన్న బావ ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాలు కొడుతుంది. వచ్చేపోయేవాళ్లందరికీ ఆమె టైపమ్మ. అసలు పేరు అడిగినవాళ్లు లేరు, ఆమె చెప్పిందీ లేదు.

ఎవరైనా పలకరిస్తే తల కీబోర్డులోకి దూర్చేస్తుంది. చెవులు మాత్రం ఊరుకోవు, కళ్లు అసలే ఊరుకోవు. ఏడుపొచ్చినప్పుడు అక్క మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెడుతుందనీ, గిరాకీ ముందు తేనెలా కారే బావ గొంతు గడప దాటి ఇంట్లోకి రాగానే ఎండిపోతుందనీ ఆమెకు తెలిసినంతగా వాళ్లకే తెలియదు.

ఏటా డిసెంబరులో ఆ ప్రెస్సుకు సాహిత్య వార్షిక సంచిక పని వస్తుంది. సంపాదకుడు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. అందరూ మాస్టారంటారు. ఆ సంచికను ముందునుంచి తెరిచేవాళ్లు తక్కువ. ఆఖరి రెండు పేజీలే దానికి ప్రాణం. ఆ ఏడాది చెప్పుకోదగ్గ పుస్తకాలు, పురస్కారాలు, కన్నుమూసిన రచయితలు అందులో ఉంటాయి. పేజీకి నలభై రెండు లైన్లు. ఇంకొక్కటి పెట్టడానికి జాగా లేదు. పేజీ పెంచుదామంటే ఒక్కటి పెరగదు, ఫారం మొత్తం పదహారు పేజీలూ పెరుగుతాయి.

ఈసారి పుస్తకాల్లో ముప్పై ఒకటో లైను ఆమెది. ‘మెట్ల కింద మంచం, కథలు, రచన: ఒక పాఠకురాలు.’ మాస్టారి చేతిరాత జాబితాలో అది కనబడినరోజు మూడుసార్లు తప్పు కొట్టింది.

వేరే ఊళ్లో పుస్తకాలు వేసే ఒకావిడ ఈ ప్రెస్సుకు టైపు పని పంపుతూ ఉంటుంది. కొట్టిన పని తిరిగి పంపేటప్పుడు ఆ కట్టలో తన కథలు కూడా పెట్టింది టైపమ్మ. ఆవిడ పుస్తకం వేసింది, గుట్టు దాచింది. ఫోన్లో అంది: “ఆ జాబితాలో పడితే లైబ్రరీలు కొంటాయమ్మా. రెండోది కూడా వేద్దాం. అప్పుడు నువ్విక్కడికే వచ్చెయ్. నా దగ్గర పనుంది, మేడ మీద గదుంది.” ఆ గదికి కిటికీ ఉందా అని టైపమ్మ అడగబోయి, సిగ్గుపడి ఊరుకుంది.

ఆ కథల్లో బావ ఉన్నాడు. పేరు మార్చింది గానీ మనిషిని మార్చడం ఆమెకు చేతకాలేదు. అతను చదివితే మెట్ల కింద గది కూడా దక్కదు. అందుకే ఆ లైను గుట్టుగా అచ్చయిపోవాలని రోజులు లెక్కపెడుతోంది.

డిసెంబరు ఆఖరి వారంలో ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు రొప్పుతూ వచ్చాడు.

“సంచికకి అచ్చు ప్లేట్లు వేసేశారేంటయ్యా?”

“సాయంత్రం వేస్తాం మాస్టారూ. ఏమైంది?”

“నాటకాలు రాసే పెద్దాయన పోయాడు, పొద్దున్నే.”

“అయ్యో! ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టుంటే వచ్చే ఏటి సంచికలో వేసుకునేవాళ్లం గదా!” అన్నాడు బావ.

“నోరు ముయ్యవయ్యా” అని మాస్టారు నవ్వు ఆపుకుంటూ తెర మీదికి వంగాడు. “ఒక లైను ఖాళీ చెయ్యాలి. పురస్కారాలు ముట్టుకుంటే ఇంటికొచ్చి తంతారు.”

“పోయినవాళ్లలో ఒకరిని తీసేద్దామా? వాళ్లేం అడగరుగా.”

“వాళ్లడగరు. వాళ్ల అల్లుళ్లు అడుగుతారు.” మాస్టారి వేలు పుస్తకాల మీదుగా జారి ముప్పై ఒకటి దగ్గర ఆగింది. “ఇదెవరో పాఠకురాలట. ఫోన్ చేసి పోట్లాడే మనిషిలా లేదు. దీన్ని తీసెయ్ అమ్మాయీ.”

“ఆగండి మాస్టారూ.” తన గొంతు తనకే కొత్తగా వినబడింది. “పన్నెండోది రెండు లైన్లు తింటోంది. ‘కవితా సంపుటి’ అన్నచోట ‘కవితలు’ అంటే ఒక్కదాంట్లో సర్దుకుంటుంది.”

కొట్టింది. రెండో లైన్లో వేలాడుతున్న మాట పైకి చేరి ఆ లైను ఖాళీ అయింది. అందులో పెద్దాయన కూర్చున్నాడు.

“భేష్!” అన్నాడు మాస్టారు. అంతలోనే ఆయన గడ్డం గోక్కున్నాడు. “అంత మనిషికి ఒక్క లైనేంటి, బాగోదు. ఆయనకొచ్చిన పురస్కారం కూడా రాయాలి. రెండు చెయ్యి.”

ఆమె కళ్లు రెండు పేజీల మీదా పరుగెత్తాయి. వేలాడే మాట ఇంకెక్కడా లేదు.

“అక్షరం కాస్త చిన్నది చేస్తే?”

“నా వయసువాళ్లు చదవొద్దా? పాఠకురాలినే తీసెయ్. పుస్తకం మాత్రం బాగుంది పాపం.”

“బాగుందా?”

“రెండుసార్లు చదివాను. ఎవడో బాగా చదువుకున్నవాడు ఆడమనిషి మాటున దాక్కుని రాశాడు. ఒక్క మాట ఎక్కువుండదు.”

అంతవరకూ ఎలా బిగబట్టిందో, ఇక ఆమె వల్ల కాలేదు.

“అది నేనే రాశాను మాస్టారూ.”

మాస్టారు ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వాడు. “మీ మరదలికి నోరే లేదనుకున్నా, వేళాకోళం కూడా వచ్చే! కొట్టినవాళ్లంతా రాసినట్టయితే నా సంచికలన్నీ నీవే తల్లీ!”

“కొట్టలేదు. రాశాను.”

“సరేలే, ముందు ఇది కొట్టు. టైమైపోతోంది.”

బావ నవ్వలేదు. “ఆ పుస్తకం పేరేంటి మాస్టారూ?”

“మెట్ల కింద మంచం.”

బావ తెరిచి ఉన్న తలుపులోంచి ఇంట్లోకి, మెట్ల వైపు చూశాడు. “ఉందా మీ దగ్గర? ఒకసారి ఇటివ్వండి.”

“సంచిలోనే ఉంది. చదివి ఇచ్చెయ్యాలి సుమా.”

ఆమె తన లైను మీద మౌసు లాగింది. అది నీలంగా మారింది. మీట నొక్కింది. కింది లైన్లన్నీ తలా ఒక మెట్టు పైకి జరిగాయి, అక్కడ ఎప్పుడూ ఎవరూ లేనట్టు. అడుగున మిగిలిన జాగాలో, మాస్టారు చెబుతుంటే పెద్దాయన పురస్కారం కొడుతోంది.

వెనకాల కుర్చీ లాగిన చప్పుడైంది. ఇన్నేళ్లూ పుస్తకాలు అచ్చువేస్తూ ఒక్కటీ చదవని మనిషి పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. ఆ తర్వాత కాగితం చప్పుడు ఆగిపోయింది.

“అమ్మాయ్” అన్నాడు బావ. తేనె లేదు ఆ గొంతులో. “మీ అక్కని ఒకసారి ఇలా పిలువు.”

ఆమె పిలవలేదు. వెనక్కి తిరగలేదు. లైను చివర చుక్క పెట్టి, “ఇంకేమైనా ఉందా మాస్టారూ?” అని అడిగింది.