ఆకు వాడినంత దూరం

మైలు అన్నా, మైలురాయి అన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు నేను జైనూర్‌కు కొత్తగా కాపురానికి వచ్చాను. ఉర్దూ దొరలు పోయి, ఇంగ్లీషులో మాట్లాడే దొరలు వచ్చిన కాలం. మా ఆయన అడవిశాఖలో మున్షీ. దొర మాటను గూడేలవాళ్ళకు వాళ్ళ లెక్కలో చెప్పడం ఆయన పని.

ఒక ఎండాకాలం కొత్త దొర హుకుం చేశాడు. గోండుగూడెం అడవి హద్దుకు మైలు అవతలికి పోవాలి, లేకుంటే గుడిసెలు కాల్చేస్తారు.

గోండులకు మైలు తెలియదు. పచ్చి ఆకు తెంపి, అది చేతిలో వాడిపోయేదాకా నడిస్తే వాళ్ళకు అదొక దూరం. గూడెం పెద్దను పట్లా అంటారు. మా ఆయన ఆ పట్లాతో అన్నాడు.

"పట్లా, అడవి హద్దుకాడ ఆకు తెంపి, పట్టుకొని నడువు. వాడినకాడ గుడిసెలు ఏసుకోండ్రి. మైలు కన్న జర ఎక్కువనే ఐతది, ఫికర్ చెయ్యకు."

చలికాలం నడకలను బట్టి చెప్పిన మాట అది. రోహిణి ఎండలో ఆకు ఎంతసేపు నిలుస్తుందో ఆయనకు తట్టలేదు, పట్లాకూ తట్టలేదు. ఆకు తొందరగా వాడింది. వాళ్ళు అక్కడే ఆగి గుడిసెలు వేసుకున్నారు.

దొర జవాన్లతో వచ్చి గొలుసు పట్టి కొలిపించాడు. మైలుకు తక్కువే వచ్చింది. గుడిసెల మీద గాసునూనె పోసి అంటించారు. అడ్డం వచ్చిన పట్లాను తుపాకి మడమతో కొడితే భుజం ఎముక విరిగింది. విత్తనాల జొన్నల కోసం లోపలికి ఉరికిన పట్లా భార్య రెండు చేతులూ కాలిపోయి బయటికి వచ్చింది. "తప్పు నాది సార్, నేనే చెప్పిన" అని మా ఆయన దొర కాళ్ళ మీద పడితే, దొర బూటుకాలితో తన్నాడు. మా ఆయన వెంట అక్కడికి వచ్చిన నేను, రాయి తీసుకొని దొర తలకేసి విసిరాను. తగల్లేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

దొర పోయినంక పట్లా లేచి వచ్చి, బాగున్న చేత్తో మా ఆయన చెంప పగలగొట్టాడు. ఆయన ముఖం తిప్పుకోలేదు. పెదవి చిట్లి రక్తం కారింది.

"ఈసారి నువ్వు ముంగట నడువు, మున్షీ" అన్నాడు పట్లా.

తెల్లారి మా ఆయన నౌకరీ వదిలేసి, గజాల లెక్కన కొలిచి పెట్టుకున్న మోకు పట్టుకొని, హద్దు నుంచి దూరం కొలుచుకుంటూ వాళ్ళ ముందు నడిచాడు. మైలు దాటింది. ఆగలేదు. ఇంకో మైలు కూడా దాటినంక పట్లానే ఉరికి వచ్చి, "ఇగ చాలు, మున్షీ" అని ఆయన చేతిలోంచి మోకు గుంజుకున్నాడు.