బల్ల మీది అమ్మాయి

బీపీ చూడడం నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు బల్లెక్కి చెయ్యి చాపాలి. మా ఫిజియాలజీ ల్యాబులో ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా క్లాసు బక్కపిల్లే. చెయ్యి సన్నం కాబట్టి నాడి ఇట్టే దొరికేది.

"నువ్వైతే తేలిక తల్లీ, ఎక్కు," అనేవారు మేడం.

ఒకరి తర్వాత ఒకరం పట్టీ బిగించి గాలి కొట్టేవాళ్లం. దాని వేళ్లు నీలంగా మారేవి.

"మేడం, ఒక్కసారి నేను చూస్తాను," అని అడిగిందా, "నీ వంతు వస్తుందిలే. కదలకు, రీడింగ్ పాడవుతుంది," అనేవారు. ఏడాదంతా ఆ వంతు రానే లేదు. ఇంట్లో చెప్పుకుంటే వాళ్ల నాన్న, "నలుగురికీ పనికొస్తున్నావు, మంచిదేగా," అన్నాడట. ఒళ్లు మండదూ?

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ బీపీ మిషన్ బక్కపిల్ల ముందుకు జరిపి, "ఊఁ, మొదలుపెట్టమ్మా," అన్నాడు. పేషెంటుగా పడుకోవడానికి పిలిపించిన అటెండరు పక్కనే నిలబడి ఉన్నాడు.

బక్కపిల్ల తలూపింది. చెప్పులు విప్పింది. తనే బల్లెక్కి పడుకుని, చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, కదలకుండా పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయింది.