మంచు పెట్టని పెట్టె

రిఫైనరీ ప్రయోగశాలలో ఆమె బల్ల కిటికీకి దూరంగా ఉండేది. ఆమె పరీక్షించే ఇంధనానికి వెలుతురు పడదు. అందులోని డయీన్లనే రసాయనాలు గాలో వేడో వెలుగో సోకితే చాలు, ఒకదాన్నొకటి పట్టుకుని బంకగా మారి గొట్టాలకు అడ్డం పడతాయి. అవి ఎంత ఉన్నాయో చూడటం ఆమె పని.

"నీ డయీన్లు పెళ్ళికాని కుర్రాళ్ళమ్మా, కంటపడ్డదాన్నల్లా పట్టుకుంటాయి," అనేవాడు పక్కబల్ల పెద్దాయన.

"పెళ్ళయ్యి తలో ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతి మీకేం తెలుసులెండి, బాబాయ్‌గారూ," అనేది ఆమె.

ఆమె భర్త ఇదే కంపెనీకి ఉన్న మరో ప్లాంటులో ఆపరేటరు. అక్కడ ప్రయోగశాల లేదు. అతను నమూనా పట్టి, సీసాకు అటూ ఇటూ మంచుసంచులు సర్ది, పెట్టె పంపేవాడు. అది ఒక రాత్రీ ఒక పగలూ వ్యాన్‌లో ప్రయాణం చేసి ఆమె బల్ల మీదికి వచ్చేది. అతను పంపిన సీసా వారం వారం వచ్చేది. అతను మాత్రం నెలకోసారి వచ్చేవాడు. వచ్చినరోజున చొక్కా తలుపు వెనక తగిలిస్తే గదంతా పెట్రోలు వాసన కొట్టేది. వెళ్ళిపోయాక ఆ తలుపు తెరిచి పెట్టడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఆ ఏడాది పైవాళ్ళకు ఒక అనుమానం వచ్చింది. దారిలో నమూనా మారిపోతోందేమో? ప్రయోగశాల అధికారి సరంజామాతో ఆ ప్లాంటుకు వెళ్ళి, పట్టినవి పట్టినట్టే అక్కడ పరీక్ష చేయసాగాడు. అదే నమూనా ఇక్కడికి వచ్చాక ఆమె చేయాలి. రెండు అంకెలూ కలవకపోతే అక్కడే ఒక బల్ల వేస్తారు, ఆ బల్లకు ఆమెను పంపుతారు. కలిస్తే అంతా యథాప్రకారం.

ముందు వచ్చిన సీసాల అంకెలన్నీ కలిశాయి. ఆమె భర్త మంచు అంత బాగా సర్దేవాడు మరి. తన చేతి శుభ్రతా, అతని చేతి శ్రద్ధా కలిసి తమ కాపురానికే అడ్డం పడ్డాయని ఆమెకు తోచింది.

చివరి పెట్టె వచ్చింది. మూత తీస్తే లోపల పొడిగా ఉంది. మంచుసంచుల చోట, సీసాను చుట్టి ఒక పాత చొక్కా. మోచేతి దగ్గర ఆమె వేసిన అతుకు. సీసా గోరువెచ్చగా ఉంది. వెచ్చబడ్డ నమూనాను పరీక్షకు తీసుకోకూడదు. కానీ పెట్టె తెరిచింది ఆమె ఒక్కతే.

ఆమె చొక్కాను కాసేపు ముఖానికి ఆనించుకుంది. తరువాత ఫోన్ చేసింది.

"మంచు పెట్టలేదేమండీ?"

"మర్చిపోయా."

"చొక్కా పెట్టడం మర్చిపోలేదుగా."

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుసుగా. ఇంకోటి పట్టి పంపండి. అధికారిగారు అక్కడుండగానే."

"నీకు రావాలని లేదా?"

"ఉంది. మంచు పెట్టి పంపండి."

ఆ సీసాలోది వ్యర్థాల డ్రమ్ములో ఒంపేసింది.

కొత్త పెట్టె చల్లగా వచ్చింది. డయీన్లను పట్టుకునే మందు కొలిచి కలిపి మరిగించింది. వాటికి చిక్కకుండా మిగిలిన మందును నీళ్ళతో ఆమ్లంగా మార్చి, గాజుగొట్టం కుళాయి తిప్పి సోడా ద్రావణం చుక్కచుక్కగా వదలసాగింది. దారిలో డయీన్లు తగ్గిపోయి ఉంటే మందు ఎక్కువ మిగులుతుంది, దానికి సోడా ఎక్కువ పట్టి గులాబీ రంగు ఆలస్యంగా తేలుతుంది. ఆలస్యం కావాలని ఆమె చెయ్యి కోరుకుంది. ఆ చెయ్యే కుళాయిని ఎప్పటిలా జాగ్రత్తగా తిప్పింది.

రంగు ఎక్కడ రావాలో అక్కడే, అధికారి అంకె దగ్గరే వచ్చింది. పెద్దాయన తొంగిచూసి తన బల్లకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి బయలుదేరబోతూ, చొక్కా దాచిన అలమార తెరిచింది. చొక్కాలో వాసన అప్పుడే పలచబడింది. తేలికైనవి ముందు ఎగిరిపోతాయని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నమూనాల సంచి ఒకటి తీసుకుని, చొక్కాను మడిచి అందులో పెట్టింది. అరచేత్తో గాలంతా అదిమి పంపించి, మూతి బిగించి కట్టింది.