ఎర్త్ నట్టు కింద ఆకుపచ్చ రంగు

2012 దసరాకు పది రోజుల ముందు చిక్కడపల్లిలో దిగాను. ఉదయం ఆరు. సన్నని వాన. సంచిలో రెండు చీరలు, స్టీలు గ్లాసు, ఒక నోటుబుక్కు. నా చదువు మూడో తరగతి. రాయడం వచ్చు, గడియారం చూడడం వచ్చు. వచ్చిన పనికి అంతే చాలనుకున్నాను.

మా చిన్నోడికి అక్కడ టెంట్ హౌజ్ ఉంది. వాడికి కామెర్లు పట్టుకున్నాయి. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. పడుకునే హుకుం ఇచ్చాడు.

"అమ్మా, దుకాణం నువ్వే చూస్కో. బండి చాబీ కొంగుకు కట్టుకో."

నా చేతికి వచ్చిన సామాను: మూడు వందల కుర్చీలు, షామియానాలు, పెద్ద వంట గుండిగలు, ఒక పాత పికప్ బండి. బండిలో బ్యాటరీ ఒక్కటే కొత్తది. నడిపేది రిటైరైన సిపాయి. మంచు కొండల్లో పదిహేడేళ్లు లారీలు తోలినవాడు. గల్లీలో అందరికీ 'మిలిటరీ'. రోజూ ఆరింటికి గడప దగ్గర నిటారుగా నిలబడి "హాజర్, అమ్మా" అనేవాడు. నేను టైము రాసుకునేదాన్ని. ఒక్క నిమిషం ఆలస్యమైన రోజు నా బుక్కులో లేదు.

ఆయుధపూజకు బండి మెరిసిపోవాలి. ఇంటి తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు సగం డబ్బా ఉంది. పారేయడానికి నాకు ప్రాణం ఒప్పదు. బానెట్ ఎత్తి లోపలంతా నేనే వేశాను. బ్యాటరీ నుంచి బండి రేకుకు బిగించిన నల్ల తీగ అడ్డమొచ్చింది. నట్టు విప్పి, కింద రంగేసి, ఆరాక మళ్లీ బిగించాను. పైన పసుపు, కుంకుమ. టైర్ల కింద నిమ్మకాయలు. రంగు సంగతి ఎవరికీ చెప్పలేదు.

పూజయిన నాలుగో రోజు నుంచి బండి మొండికేసింది. హారన్ కొడితే లైట్లు మసకబారేవి. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక బ్రేకు లైటు కూడా కొట్టుకునేది. అశోక్ నగర్‌లో వానలో వైపర్లు ఆగిపోయాయి. ఆ మరునాడు నారాయణగూడలో ఫంక్షన్ హాలు ముందు బండి మొత్తానికే నిలిచింది. పదిన్నరకు మిలిటరీ ఫోన్.

"అమ్మా, సెల్ఫ్ తీస్తలేదు."

"కొత్త బ్యాటరీనాయె. ఎందుకు తియ్యది?"

"బ్యాటరీ మంచిగనే ఉన్నది. నలుగురితోని తోపిస్తున్న."

"పెండ్లోళ్ల సామాను?"

"కుర్చీలు దిగినయి. పరేషాన్ గాకుండ్రి."

పన్నెండుకు బండి దుకాణం ముందుకొచ్చింది. మిలిటరీ బానెట్ ఎత్తాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక్కటీ కాలలేదు. తీగల వెంట వేలు పెట్టుకుంటూ పోయి నల్ల తీగ నట్టు దగ్గర ఆగాడు. తలెత్తాడు. నా మొహం చూడలేదు, చేతులు చూశాడు.

"కరెంటు పోతున్నది గని మళ్లొస్తలేదమ్మా. ఈడ ఎవరన్న ముట్టిన్రా?"

పక్కన వంటమాస్టర్ ఉన్నాడు. ఇస్త్రీ ఆమె ఉంది. రంగు వేయడం కూడా ముట్టడమేనని నాకు తట్టలేదు. నా బుర్రలో బ్యాటరీ ఒక్కటే తిరుగుతోంది.

"ఎవరు ముడ్తరు? చాబీ నా కొంగుకే ఉంటది. కొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టినవా ఏంది?"

"ఊకో పెద్దమ్మా," అన్నాడు వంటమాస్టర్. "గంత మాటనా?"

మిలిటరీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. బానెట్ మెల్లగా దించాడు. చాబీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"డ్యూటీ అయిపోయిందమ్మా."

పన్నెండూ ఇరవై. అదీ బుక్కులో రాశాను.

మరునాడు హిమాయత్‌నగర్ నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రెండు తీగలున్న చిన్న బల్బు తెచ్చాడు. ఒక తీగ బ్యాటరీకి, రెండోది బండి రేకుకు ఆనించాడు. వెలగలేదు. నల్ల తీగ నట్టు విప్పాడు. చాకుతో రంగు గీకాడు. రూపాయి బిళ్లంత చోట ఇనుము తెల్లగా బయటపడింది. తీగ బిగించి బల్బు పెట్టాడు. వెలిగింది.

"ఎర్త్ కింద రంగేస్తరా అమ్మా? ఎవరా ఇంజనీరు?"

"డ్రైవర్ ఏసిండు," అన్నాను.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

బండి మొదటి తిప్పుకే లేచింది. రంగు డ్రైవరే వేశాడని చిన్నోడికీ చెప్పాను. నిజం చెప్పి మిలిటరీని పిలిపించడానికి నాకు నెలన్నర టైముంది. పిలిపించలేదు. వేరే డ్రైవర్‌ను పెట్టుకున్నాం.

చిన్నోడు లేచి తిరిగాడు. నా డ్యూటీ ముగిసింది. ఉదయం ఏడింటికి సంచితో చిక్కడపల్లి బస్టాపులో నిలబడ్డాను. చలి. ఎవరిదో పాల ఆటో వచ్చి ఆగింది. నడుపుతున్నది మిలిటరీ. దిగొచ్చి నా చేతిలో సంచి అందుకున్నాడు.

"ఎర్త్ దొరికిందా అమ్మా?"

"దొరికింది."

"రంగు కిందనే ఉంటదనుకున్న. ఆ దినం మీ గోర్లకు ఆకుపచ్చ ఉండె. నలుగురున్నరని అనలే. మీరే చెప్తరని ఆగిన."

బస్సు వచ్చింది. చెయ్యి పట్టి ఎక్కించింది ఆయనే. సంచి నా కాళ్ల దగ్గర పెట్టి దిగిపోయాడు. తప్పు నాదే అని రెండు మాటలు. కండక్టర్ టికెట్ అడిగేదాకా అవి నోట్లోనే ఉన్నాయి.

ఆ గోర్లు ఎన్నిసార్లు పెరిగాయో, ఎన్నిసార్లు తీసుకున్నానో. ఇప్పటికీ అన్నం కలుపుతుంటే బొటనవేలి గోరు అంచున ఆకుపచ్చ గీత కనబడుతుంది. దాని మీద ఆయన చూపు ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరుగుతుంది.