చక్రం మీద అరచెయ్యి

ఎండలు ముదరగానే రాయపూర్‌లో టాటీబంధ్ దగ్గర రోడ్డు వార కుండలు గుట్టలుగా పోస్తారు. మొన్న ఒక కుండ ఎత్తి వేలి కణుపుతో కొట్టాను. కంగుమంది. వెంటనే అరచెయ్యి దాని పొట్టకి ఆనించాను. అమ్మే ఆవిడ నవ్వింది. కొట్టి వినేవాళ్ళను చూశాను గానీ కొట్టి తడిమేవాళ్ళను చూడలేదంది ఛత్తీస్‌గఢీలో. అలవాటు అన్నాను. ఆ అలవాటు ఎక్కడిదో ఆవిడకి చెప్పాలంటే సింహాచలం మావయ్యతో మొదలుపెట్టాలి. అంత ఎండలో అది కుదిరే పని కాదు.

ఆయన నాకు చుట్టం కారు. మా రైల్వే క్వార్టర్లలో పక్కింటాయన. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడిపోయారు. స్టేషన్లో బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో తేల్చడం ఆయన పని. పగులున్న చక్రం ఊరు దాటి విరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. డెబ్బైల మొదట్లో నేను అదే పనిలో చేరితే నన్ను ఆయనకే అప్పగించారు. మొదటి రోజు నేను గడగడా కొట్టుకుంటూ పోతుంటే చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి లాగారు.

"ఏటా తొందర? మోత మొదలు ఆ చాయ్‌వాలాకి కూడా ఇనబడతాది. తోక ఇను. అది ఆరిపోయేదాకా ఇను."

గార్డు ఈల వేసినా, స్టేషన్ మాస్టరు కేకలేసినా ఆయన నడక మారేది కాదు. సుత్తి వేశాక చక్రం మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవారు. పనితనమంటే అదే కాబోలనుకుని నేనూ పెట్టడం మొదలుపెట్టాను. అది చూసి ఆయన అదోలా ముఖం పెట్టి తరవాతి చక్రం వైపు కదిలారు. ఆయన కొట్టిన ప్రతి చక్రాన్నీ వెనకాలే నన్ను మళ్ళీ కొట్టమనేవారు. "ఏటంది?" అని నా ముఖంలోకి చూసేవారు. రెండేళ్ళైనా ఈ పరీక్షలేమిటి, ఈ ముసలాయనకి నా మీద నమ్మకం ఎప్పుడు కుదురుతుందని మా అమ్మ దగ్గర విసుక్కునేవాణ్ణి.

ఆ చలికాలం క్వార్టర్ల వాళ్ళం ఐదుగురం జీపు మాట్లాడుకుని కాన్హా అడవికి బయలుదేరాం. బొబ్బిలి, రాయపూర్ తప్ప మూడో ఊరు ఎరగని మావయ్య "నానూ వస్తాను" అన్నారు. రిటైరయ్యే ముందు పులి పిచ్చి పట్టిందని దారి పొడుగునా ఏడిపించాం. చిల్పీ ఘాట్ మలుపుల్లో అందరికీ కడుపులో తిప్పింది, ఆయనకు తప్ప. మర్నాడు తెల్లారేసరికి అడవి లోపల ఉన్నాం. గడ్డి మైదానం మీద మంచు తెల్లగా పేరుకుపోయి ఉంది. బారసింగా జింకల మంద మోకాళ్ళ లోతు గడ్డిలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. అంత అందం నేను అంతకుముందు చూడలేదు.

సాల చెట్ల మధ్య గైడు జీపు ఆపించాడు. ఎక్కడో కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. కాసేపటికి కణుజు జింక అరిచింది. "షేర్ హై, సాబ్" అని, పులి ఉందంటూ గైడు గుసగుసలాడాడు. అందరం ఊపిరి బిగబట్టాం. మావయ్య మాత్రం అవతలి వైపు తిరిగి కూర్చుని, మామూలు గొంతుతో అడిగారు.

"ఏట్రా, అడవంటే ఇంత సప్పుడు లేకుండా ఉంటాదేటి?"

గైడు ఆయన చెయ్యి నొక్కి ఆపాడు. కణుజు మళ్ళీ అరిచింది, ఈసారి పది బారల దూరంలో. ఆయన తల తిప్పలేదు. ఇంతలో పులి దారి మీదికి వచ్చింది. అందరూ పులిని చూస్తున్నారు. నేను ఆయన్ను చూస్తున్నాను. కాసేపటికి ఆయనా నన్ను చూశారు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

గెస్ట్‌హౌస్ ముందు టీ తాగుతూ, ఎదురుగా కూర్చుని ఎప్పటినుంచి అని అడిగాను.

"నువ్వు రాకముందు నుంచే. టేసన్లో గోల కదా, అందుకే ఇనబడ్డంలేదేమో అనుకున్నాను. ఇక్కడైతే ఏటైనా ఇనబడతాదేమోనని వచ్చాను." గ్లాసు కింద పెట్టారు. "బస్, ఇంక తేలిపోయింది."

చక్రం మీద చెయ్యి ఎందుకో అప్పుడు అర్థమైంది. ఆయన ఇనుము వణుకుని అరచేత్తో పట్టుకునేవారు, మనుషుల మాటలు పెదాలు చూసి పోల్చుకునేవారు. అదీ చాలదని తెలిసి, నా చెవులతో బళ్ళు పంపించారు. నాకు జ్వరం వచ్చి సెలవులో ఉన్న మూడు రోజులూ ఆయనకు కంటి మీద కునుకు లేదట. ఇంకా పది నెలలే సర్వీసు. ఈలోగా చెవుల సంగతి బయటపడితే సుత్తి లాక్కుంటారు. నాకు ఏడుపొచ్చింది.

"నేనెవరికీ చెప్పను మావయ్యా. ఇంతకుముందులాగే ఇద్దరం నడిపేద్దాం."

నా మీద ఆయన నిజంగా కోప్పడింది ఆ ఒక్కసారే. "నీకు మళ్ళీ జొరం వస్తే? మరి నానేటి నేర్పినట్టు నీకు?"

సోమవారం డ్యూటీ ఎక్కకముందే ఆయనే ఆఫీసరు దగ్గరికెళ్ళి చెప్పేశారు. తిట్లు పడ్డాయి. ఆ పది నెలలూ దీపాల గదిలో లాంతర్ల గాజులు తుడిచారు. సుత్తి నాకు అప్పగించిన రోజున, చక్రం మీద చెయ్యి పెట్టడం ఇక మానెయ్యనా అని నా నోటిని ఆయనకు కనిపించేలా పెట్టి అడిగాను.

"మానీ" అన్నారు. "నీకు చెవులున్నాయి కదా."

ఆయన మాట నేను జవదాటింది అక్కడే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా సర్వీసులో ఒక్క చక్రాన్నీ చెయ్యి పెట్టకుండా వదల్లేదు. మోత ఆరిపోయిందని చెవి చెప్పిన తరవాత కూడా, అరచేతి కింద ఇనుము ఇంకాసేపు సన్నగా వణుకుతూనే ఉంటుంది. అది ఆయనకు తెలుసు. ఆయన వల్ల నాకూ తెలుసు.